గిల్డ్ వార్స్ 2లో సపోర్ట్ పాత్ర ఎలా మొదలుపెట్టాలి? డ్రూయిడ్‌తో తొలి అడుగులు

“బాస్‌ని కొట్టడం కంటే జట్టును నిలబెట్టడం నాకు ఇష్టం. ఏ క్లాస్ తీసుకోవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?” ఈ ప్రశ్న ఎంతమంది అడిగారో లెక్కలేదు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పిన సంగతులన్నీ ఇక్కడ ఒకచోట వరుసగా రాస్తున్నాను. ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆటలు చాలా ఉన్నాయి. నేను ఎక్కువ కాలం ఆడినది, సపోర్ట్ పని నేర్చుకున్నది గిల్డ్ వార్స్ 2లో కాబట్టి దాని గురించే చెబుతాను.

ముందుగా ఒక్క విషయం తెలుసుకోండి. ఈ ఆట 2012 ఆగస్టు 28న విడుదలైనప్పుడు ఇందులో హీలింగే, అంటే తోటివారి హెల్త్ నింపడమే పనిగా పెట్టుకునే క్లాస్ లేదు. ఉండకూడదన్నదే తయారీ సంస్థ అరీనానెట్ ఆలోచన. ప్రతి ఆటగాడికీ సొంత హీలింగ్ స్కిల్ ఒకటి ఇచ్చి, ఎవరి ప్రాణం వారే కాపాడుకోవాలని చెప్పింది. 2015 అక్టోబరు 23న వచ్చిన హార్ట్ ఆఫ్ థార్న్స్ విస్తరణతో పరిస్థితి మారింది. పది మంది కలిసి చేసే రెయిడ్లు ఆ ఏడాదే మొదలయ్యాయి. రేంజర్‌కు డ్రూయిడ్, మెస్మర్‌కు క్రోనోమాన్సర్ అనే ప్రత్యేక శాఖలు వచ్చాయి. ఆ రెండూ లేకుండా రెయిడ్‌కు బయలుదేరే జట్లు కొద్దికాలంలోనే అరుదైపోయాయి. వద్దనుకున్న పాత్ర అవసరం కొద్దీ పుట్టింది.

అందుకే ఇక్కడ సపోర్ట్ అంటే హీలింగ్ ఒక్కటే కాదు. మీ మొదటి పని జట్టుకు బూన్లు, అంటే కొద్ది సెకన్లు పనిచేసే మేలు ప్రభావాలు, తెగకుండా అందించడం. హీలింగ్ దాని తరువాత వస్తుంది. వేరే ఆటల్లో హీలర్‌గా ఆడి వచ్చిన వారికి ఈ క్రమం వెంటనే ఒంటబట్టదు. ఈ వ్యాసంలో మిగిలినదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

కావలసినవి

ఒక మామూలు కంప్యూటర్, తెగిపోని ఇంటర్నెట్, ఆట ఖాతా. మూల ఆట ఉచితమే. డ్రూయిడ్ కావాలంటే మాత్రం హార్ట్ ఆఫ్ థార్న్స్ కొనాలి. 80వ స్థాయికి చేరిన రేంజర్ ఒకటి, కనీసం రెండు పక్క బటన్లున్న మౌస్ ఉంటే మంచిది. అన్నిటికంటే ముఖ్యంగా, మీరు తప్పు చేస్తే చెప్పగలిగే ఒకరిద్దరు తోటి ఆటగాళ్లు కావాలి. ఒంటరిగా నేర్చుకోవడానికి ఈ పాత్ర అంతగా అనువైనది కాదు.

తెలియాల్సిన బూన్లు కూడా ఎక్కువేమీ లేవు. క్విక్‌నెస్ ఉన్నవారి స్కిళ్లు 50 శాతం వేగంగా పూర్తవుతాయి. అలాక్రిటీ ఉంటే స్కిళ్లు 25 శాతం వేగంగా తిరిగి సిద్ధమవుతాయి. మైట్ 25 పొరల వరకు పేరుకుంటుంది. 80వ స్థాయిలో ఒక్కో పొర 30 పవర్ (నేరు దెబ్బల బలం), 30 కండిషన్ డ్యామేజ్ (మంట, విషం లాంటి కండిషన్ల హాని) కలుపుతుంది, అంటే నిండుగా ఉన్నప్పుడు 750 చొప్పున. ఫ్యూరీ క్రిటికల్ దెబ్బల అవకాశాన్ని పెంచుతుంది. ప్రొటెక్షన్ మీ మీద పడే దెబ్బను 33 శాతం తగ్గిస్తుంది. స్టెబిలిటీ ఉంటే మిమ్మల్ని తోసేయలేరు, పడగొట్టలేరు. ఏజిస్ తరువాతి ఒక్క దెబ్బను పూర్తిగా ఆపుతుంది. ప్రస్తుతానికి ఇవి చాలు.

ఇక అడుగులు.

1. ఏ ప్రాంతంలో ఆడతారో ముందే తేల్చుకోండి

ఉత్తర అమెరికా, యూరప్ వేర్వేరు ప్రాంతాలు. ఒకదానిలో ఉన్నవారు రెండోదానిలోని వారితో కలిసి రెయిడ్ చేయలేరు. మన దేశం నుంచి ఆడేవారికి యూరప్ దగ్గర. అయితే డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అన్నయ్యతో కలిసి ఆడాలనే ఉద్దేశంతో మొదలుపెడుతుంటే, ఖాతా తెరవడానికి ముందే ఇద్దరూ మాట్లాడుకోండి.

సమయం కూడా లెక్క వేసుకోవాలి. మధ్య యూరప్‌లో రాత్రి ఎనిమిది గంటలంటే మనకు చలికాలంలో అర్ధరాత్రి దాటి 12.30, వేసవిలో 11.30. అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఎనిమిది మనకు చలికాలంలో ఉదయం 6.30, వేసవిలో 5.30. ఉద్యోగానికి వెళ్లేవారు వారాంతపు జట్లనే వెతుక్కోవడం మేలు. నిద్ర లేని సపోర్ట్ వల్ల మిగతా తొమ్మిది మందికీ ఇబ్బందే.

2. డబ్బు పెట్టే ముందు ఉచితంగా రుచి చూడండి

ఉచిత ఖాతాతో గార్డియన్‌ను ఎంచుకోండి. చేతికి స్టాఫ్ అనే పొడవాటి కర్ర ఆయుధం ఇవ్వండి. స్టాఫ్‌లోని ఎంపవర్ అనే స్కిల్ చుట్టూ ఉన్నవారికి మైట్ ఇస్తుంది, చివర్లో హీల్ చేస్తుంది. “హోల్డ్ ద లైన్!” అనే షౌట్ రీజనరేషన్ (కొద్దికొద్దిగా హెల్త్ నింపే బూన్), ప్రొటెక్షన్ ఇస్తుంది. “స్టాండ్ యువర్ గ్రౌండ్!” స్టెబిలిటీ ఇస్తుంది.

వీటితో క్వీన్స్‌డేల్‌లో రెండు గంటలకొకసారి వచ్చే షాడో బెహెమోత్ పోరాటానికి వెళ్లండి. చాలామంది వస్తారు. అక్కడ మీ పని ఒక్కటే: గుంపు మధ్యలో నిలబడి, ఈ స్కిళ్లు వాడుతూ, పక్కవారికి బూన్లు అందుతున్నాయో లేదో గమనించడం. బాస్‌కు మీరు ఎంత దెబ్బ కొట్టారన్నది పట్టించుకోకండి. ఇలా నాలుగైదు సార్లు చేశాక కూడా ఉత్సాహం తగ్గకపోతే ఈ పాత్ర మీకు నప్పినట్టే. విసుగు పుడితే డబ్బు మిగిలిందని సంతోషించి, దెబ్బలు కొట్టే క్లాస్ తీసుకోండి. అందులో తప్పేమీ లేదు.

3. డ్రూయిడ్ శాఖను తెరవండి

80వ స్థాయి రేంజర్‌తో హార్ట్ ఆఫ్ థార్న్స్ ప్రాంతమైన మగూమా అడవిలోకి వెళ్లండి. డ్రూయిడ్ పూర్తిగా తెరుచుకోవడానికి 250 హీరో పాయింట్లు కావాలి. అక్కడి ఒక్కో హీరో ఛాలెంజ్ పది పాయింట్లు ఇస్తుంది, అంటే ఇరవై అయిదు చేస్తే సరిపోతుంది. కొన్ని ఒంటరిగా సాధ్యం కావు. వాటి కోసం జనం గుంపులుగా తిరుగుతుంటారు. గ్రూప్ వెతికే ప్యానెల్‌లో హీరో పాయింట్ ట్రెయిన్ అని కనిపిస్తే చేరిపోండి.

వేరే దారులూ ఉన్నాయి. ఇప్పటికే గార్డియన్ 80వ స్థాయిలో ఉంటే పాత్ ఆఫ్ ఫైర్ విస్తరణలోని ఫైర్‌బ్రాండ్ మంచిది, అది క్విక్‌నెస్ ఇచ్చే హీలర్. ఎలిమెంటలిస్ట్ ఉంటే టెంపెస్ట్ తీసుకోండి, అలాక్రిటీ ఇవ్వగలదు. పద్ధతి అన్నిటికీ ఒకటే, నొక్కే బటన్లు వేరు. ఇక్కడ ఉదాహరణలు డ్రూయిడ్‌వి ఇస్తున్నాను.

4. బిల్డ్ సిద్ధం చేసుకోండి

బిల్డ్ అంటే మీరు ఎంచుకునే ట్రెయిట్లు (ఎప్పుడూ పనిచేసే అదనపు శక్తులు), స్కిళ్లు, గేర్ కలిపిన అమరిక. ట్రెయిట్ల పూర్తి జాబితా ఇక్కడ ఇవ్వడం లేదు, కారణం ఉంది. ఈ ఆటలో సమతుల్యత మార్పులు తరచూ వస్తాయి. ఇవాళ రాసిన జాబితా కొన్ని నెలలకే పాతబడుతుంది. స్నో క్రోస్, మెటాబ్యాటిల్ అనే సైట్లలో తాజా బిల్డ్ చూసి అచ్చంగా అలాగే పెట్టుకోండి. తేదీ తప్పక చూడండి. 2022 మార్పులకు ముందటి డ్రూయిడ్ మార్గదర్శకాలను నమ్ముకుంటే జట్టుకు అలాక్రిటీ ఇవ్వలేని బిల్డ్ చేతికొస్తుంది.

గుర్తుంచుకోవాల్సిన ట్రెయిట్ ఒక్కటే, గ్రేస్ ఆఫ్ ద ల్యాండ్. సెలెస్టియల్ అవతార్ అనే డ్రూయిడ్ ప్రత్యేక రూపంలో (6వ అడుగు చూడండి) ఉన్నప్పుడు వాడే స్కిళ్ల ద్వారా జట్టుకు అలాక్రిటీ అందేది దీనివల్లే. అది పెట్టుకోవడం మరిచిపోయి రెయిడ్‌కు వచ్చినవారిని చూశాను. గుమ్మం దాటే ముందు తాళం చూసుకున్నట్టు, ప్రతిసారీ ఇది ఒకసారి చూసుకోండి.

గేర్ విషయంలో మీరు వెతకాల్సిన అంకె కాన్సంట్రేషన్. ప్రతి 15 కాన్సంట్రేషన్‌కు మీరు ఇచ్చే బూన్ల వ్యవధి ఒక శాతం పెరుగుతుంది. 1500 అయితే వంద శాతం. అంతకు మించి పెరగదు. దీని అర్థం ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఎనిమిది సెకన్లకొకసారి వాడగలిగే స్కిల్ నాలుగు సెకన్ల బూన్ ఇస్తుందనుకోండి. కాన్సంట్రేషన్ లేకపోతే జట్టుకు ఆ బూన్ సగం సమయమే ఉంటుంది. వంద శాతం ఉంటే నాలుగు ఎనిమిది అవుతుంది, బూన్ తెగదు. అదే స్కిల్, అదే బటన్, ఫలితం రెట్టింపు.

హారియర్ అనే గేర్ రకం పవర్, హీలింగ్ పవర్, కాన్సంట్రేషన్ మూడూ ఇస్తుంది. డ్రూయిడ్‌కు అదే తగినది. ఒకేసారి మొత్తం సమకూర్చుకోలేకపోతే మేజై రకంతో మొదలుపెట్టండి. అందులో కాన్సంట్రేషన్ లేదు కాబట్టి ఆయుధంలో పొదిగే సిజిల్ ఆఫ్ కాన్సంట్రేషన్ పెట్టి, బూన్ వ్యవధి పెంచే రూన్లు (కవచంలో పొదిగేవి), ఆహారంతో కొంత లోటు పూడ్చుకోండి.

హెచ్చరిక: క్లెరిక్, మిన్‌స్ట్రెల్ రకాలు మార్కెట్‌లో కనిపించగానే కొనకండి. రెండిటిలోనూ టఫ్‌నెస్ (దెబ్బలు తట్టుకునే అంకె) ఉంటుంది. కొన్ని రెయిడ్ బాస్‌లు జట్టులో ఎవరి టఫ్‌నెస్ ఎక్కువైతే వారి వెంట పడతాయి. మొదటి రెయిడ్ మొదటి బాస్ వేల్ గార్డియన్ అలాంటిదే. బాస్ దెబ్బలు తన మీదకు తీసుకునే ట్యాంక్‌గా ఒప్పుకున్న మనిషి ఒకచోట నిలబడితే బాస్ మీ వైపు తిరుగుతుంది, దాన్ని ఒక చోట నిలిపి ఉంచడం ఎవరి వల్లా కాదు. ట్యాంక్ పని కూడా మీరే చేస్తామని చెబితే తప్ప టఫ్‌నెస్ ఉన్న గేర్ వద్దు.

5. సెట్టింగులు

రెండు మార్పులు చాలు. నేల మీద గురిపెట్టే స్కిళ్లకు రెండోసారి క్లిక్ చేయనవసరం లేకుండా, కర్సర్ ఉన్నచోటే వెంటనే పడేలా ఆప్షన్స్‌లో మార్చండి. మొదట్లో గురి తప్పుతుంది. ఒక వారంలో అలవాటవుతుంది. రెండోది, జట్టు సభ్యుల హెల్త్ బార్లు వారి తలల మీద ఎప్పుడూ కనిపించేలా పెట్టండి.

రెండోది ఎందుకంటే, ఈ ఆటలో మీరు ఒక మనిషిని ఎంచుకుని హీల్ చేయలేరు. వేరే ఆటల్లోలాగా పక్కనున్న పేర్ల పట్టిక మీద క్లిక్ చేస్తే ఏమీ జరగదు. మీ హీలింగ్, మీ బూన్లు దాదాపు అన్నీ మీ చుట్టూనో, మీరు చూపిన చోటనో పడతాయి. అందుకే చూపు పట్టికలో కాకుండా నేల మీద ఉండాలి. ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నదే మీకు కావాల్సిన సమాచారం.

6. గోలెం దగ్గర సాధన

లయన్స్ ఆర్చ్ ఏరోడ్రోమ్‌లో స్పెషల్ ఫోర్సెస్ ట్రెయినింగ్ ఏరియా ఉంది. అందులో సాధన బొమ్మలాంటి కదలని గోలెంను నిలబెట్టి మీ వరుసను సాధన చేయొచ్చు.

డ్రూయిడ్ వరుస మూలం ఇది. మీరు దెబ్బలు కొట్టినా, హీల్ చేసినా ఆస్ట్రల్ ఫోర్స్ నిండుతుంది. నిండగానే ఎఫ్5 నొక్కితే సెలెస్టియల్ అవతార్‌లోకి వెళతారు. అక్కడ ఆయుధ స్కిళ్ల స్థానంలో కొత్త అయిదు వస్తాయి. వాటిని వరుసగా వాడి, బయటికి వచ్చి, మళ్లీ ఫోర్స్ నింపి, మళ్లీ లోపలికి. మధ్యలో వార్‌హార్న్‌లోని కాల్ ఆఫ్ ద వైల్డ్ వాడితే జట్టుకు మైట్, ఫ్యూరీ, స్విఫ్ట్‌నెస్ (నడక వేగం పెంచే బూన్) దొరుకుతాయి.

అందరూ చేసే పెద్ద తప్పు ఇక్కడే జరుగుతుంది. అవతార్‌లో బలమైన హీలింగ్ ఉంది కాబట్టి దాన్ని కష్టకాలం కోసం దాచుకుంటారు. చూడ్డానికి అది తెలివైన పనిలాగే ఉంటుంది. నేనూ మొదటి నెల అంతా అలాగే దాచుకున్నాను. వేల్ గార్డియన్ దగ్గర ఒక రాత్రి ఎవరూ చనిపోలేదు, అయినా సమయం మించిపోయి ఓడిపోయాం. నా పని బాగానే చేశానని అనుకున్నాను. పోరాటం నడిపించిన కమాండర్ లాగ్ (పోరాటం రికార్డు) తెరిచి చూపించినప్పుడు నా సబ్‌గ్రూప్‌కు, అంటే పది మందిలో నాతో ఉన్న అయిదుగురి విభాగానికి, అలాక్రిటీ సగం సమయం కూడా లేదు. జట్టు ప్రాణాలు కాపాడుతూ వారి చేతులు కట్టేశానని అప్పుడర్థమైంది. అవతార్‌ను దాచకండి. సిద్ధమైన ప్రతిసారీ వెళ్లండి, అందరి హెల్త్ నిండుగా ఉన్నా వెళ్లండి.

అంటే అత్యవసరాలకు ఏమీ మిగలదా? మిగులుతుంది. స్టాఫ్‌లోని సబ్లైమ్ కన్వర్షన్ నీటి ఫీల్డ్, అంటే వేరే స్కిల్‌తో కలిస్తే హీలింగ్ ఇచ్చే చోటు, పరుస్తుంది. దాని మీదుగా ఏన్సెస్ట్రల్ గ్రేస్‌తో దిగితే బ్లాస్ట్ అవుతుంది, చుట్టూ ఉన్నవారికి అదనపు హీలింగ్ వస్తుంది. ఈ జతను అవతార్ బయట ఉన్నప్పుడు వాడడానికి ఉంచుకోండి.

సాధనలో మరో పొరపాటు: ఆ గదిలోని పరికరం మీరు అడిగితే బూన్లన్నీ మీకు ఉచితంగా ఇస్తుంది. దెబ్బలు కొట్టేవారికి అది ఉపయోగం. మీకు కాదు. అది ఆన్‌లో ఉంటే మీరేమీ చేయకపోయినా అలాక్రిటీ నూరు శాతం కనిపిస్తుంది. బూన్లన్నీ తీసేసి, మీరు ఇచ్చినవే మిగిలేలా చేసి చూడండి. అయిదు నిమిషాల పాటు అలాక్రిటీ గుర్తు మీ బార్‌లోంచి మాయం కాకపోతే తరువాతి అడుగుకు వెళ్లవచ్చు.

7. అయిదుగురితో మొదలుపెట్టండి

నేరుగా రెయిడ్‌కు వెళ్లకండి. ఫ్రాక్టల్స్ అనే చిన్న జట్టు పోరాటాల్లో అయిదుగురే ఉంటారు. బూన్లు ఒకేసారి అందేది కూడా అయిదుగురికే, కాబట్టి ఎవరికి అందిందా అన్న సందేహం ఉండదు. తక్కువ స్థాయి ఫ్రాక్టల్స్‌లో తప్పులకు శిక్ష తేలిక.

చేరేటప్పుడు మీరు ఏమిటో ఒక్క మాటలో చెప్పండి: “హీల్ అలాక్రిటీ”. అప్పుడు క్విక్‌నెస్ ఇచ్చే మనిషిని జట్టు వెతుక్కుంటుంది. “హీలర్” అని మాత్రమే చెబితే ఏ బూన్ ఇస్తారో ఎవరికీ తెలియదు. ఇద్దరు అలాక్రిటీ ఇచ్చేవారు చేరి, క్విక్‌నెస్ లేకుండా పోరాటం మొదలైన సందర్భాలు చాలా ఉన్నాయి.

నిలబడే చోటు గురించి ఒక నియమం పెట్టుకోండి. దగ్గరి ఆయుధాలతో కొట్టేవారు బాస్‌ను ఆనుకుని ఉంటారు. మీరూ అక్కడే ఉండాలి. స్టాఫ్‌తో దూరం నుంచి కొట్టగలమని వెనక్కి వెళ్లి నిలబడితే బూన్లు ఖాళీ నేలమీద పడతాయి. చాలా బూన్ల వ్యాప్తి చిన్నది. జట్టుకు రెండడుగుల దూరంలో ఉన్నట్టు కనిపించినా చాలాసార్లు అందదు. భయమేసినా మధ్యలో నిలబడండి.

8. పది మంది జట్టులో చేరండి

మొదటిసారికి షివర్‌పీక్స్ పాస్ అనే పది మంది బాస్ పోరాటం మంచిది. పోరాటం తేలిక, చనిపోయినా ఎవరూ విసుక్కోరు. అది రెండు మూడుసార్లు చేశాక వేల్ గార్డియన్ నేర్పే శిక్షణ జట్లలో చేరండి.

పది మంది స్క్వాడ్‌ను రెండు సబ్‌గ్రూపులుగా విడగొడతారు. ఒక్కో దానిలో అయిదుగురు, ఒక అలాక్రిటీ, ఒక క్విక్‌నెస్, ఇద్దరిలో ఒకరు హీలర్. పది మందీ ఒకేచోట గుమిగూడినా మీ బూన్లు ముందు మీ సబ్‌గ్రూప్ వారినే వెతుక్కుంటాయి. పోరాటం మొదలయ్యే ముందు స్క్వాడ్ ప్యానెల్ తెరిచి రెండు విషయాలు చూడండి: మీ సబ్‌గ్రూప్‌లో సరిగ్గా అయిదుగురు ఉన్నారా, మీతో పాటు క్విక్‌నెస్ ఇచ్చేవారు అందులోనే ఉన్నారా. ఆరుగురు ఉంటే ఒకరికి ఎప్పుడూ తక్కువ పడుతుంది. కొత్తవారమని మొహమాటపడకుండా కమాండర్‌కు చెప్పండి. చెప్పడం మీ పనిలో భాగమే.

వేల్ గార్డియన్‌లో ఆకుపచ్చ వలయం ఒకటి వస్తుంది. అందులో కనీసం నలుగురు నిలబడకపోతే జట్టు మొత్తం మీద పెద్ద దెబ్బ పడుతుంది. ఆ వలయానికి హీలర్ వెళ్లాలా, బాస్ దగ్గరే ఉండాలా అన్నది జట్టును బట్టి మారుతుంది. ముందే అడగండి. మీరు వెళితే మిగతావారికి ఆ కొద్ది సెకన్లు బూన్లు అందవు. అందుకే కొందరు కమాండర్లు సబ్‌గ్రూప్ మొత్తాన్ని కలిపి పంపుతారు, నాకు ఆ పద్ధతే నచ్చుతుంది.

9. పరిస్థితి అదుపు తప్పినప్పుడు

ఎవరైనా పడిపోతే వెంటనే పరుగెత్తాలనిపిస్తుంది. ఆగండి. పడిన మనిషి మీ జట్టు మధ్యలో ఉంటే అందరి హీలింగూ, ఒకరిద్దరి చేయూతా కలిసి లేస్తారు. దూరంగా ప్రమాదకరమైన చోట పడి ఉంటే మీరు వెళ్లడం వల్ల ఇద్దరు పడిపోతారు, సబ్‌గ్రూప్‌లో మిగిలిన ముగ్గురికి బూన్లు ఆగిపోతాయి. అక్కడ వదిలేయడమే సరైనది. చెప్పడం సులువు, చేయడం కష్టం. ఒక మనిషిని నేల మీద చూస్తూ పక్కకు తిరగడం ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

బాస్ హెల్త్ కింద నీలిరంగు డిఫయన్స్ బార్ కనిపిస్తే అందరూ కలిసి దాన్ని విరగ్గొట్టాలి. సపోర్ట్ ఉన్నది బూన్లకే కదా అని ఊరుకోకండి. అవతార్‌లోని లూనార్ ఇంపాక్ట్ శత్రువును దిమ్మెరపోయేలా చేస్తుంది కాబట్టి ఇందులో పనికొస్తుంది. జట్టు మీద కండిషన్లు ఎక్కువైతే అవతార్‌లోని సీడ్ ఆఫ్ లైఫ్ వాడండి, అయితే అది నాటిన వెంటనే విచ్చుకోదు. జనం ఇప్పుడున్న చోట కాకుండా కాసేపట్లో ఉండబోయే చోట నాటండి.

ఫలితం ఎలా చూసుకోవాలి?

సపోర్ట్ ఆడేవారికి ఇదే అన్నిటికంటే కష్టమైన భాగం. దెబ్బలు కొట్టేవారికి తమ అంకె తమకు కనిపిస్తుంది. మీరు చేసిన మేలు ఇంకొకరి అంకెలో కలిసిపోతుంది. ఇది ఈ ఒక్క ఆట సమస్యే కాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో 2023లో ఆగ్మెంటేషన్ ఇవోకర్ అనే సపోర్ట్ శాఖ వచ్చినప్పుడు, ఇతరుల దెబ్బలో దాని వాటా ఎంతో లెక్కగట్టడం పెద్ద చర్చే అయింది. కాబట్టి కొలిచే పద్ధతి నేర్చుకోవడం తప్పనిసరి.

ఆర్క్‌డీపీఎస్ అనే, పోరాటాన్ని అంకెల్లో నమోదుచేసే సాధనం ఎక్కువమంది వాడతారు. దాన్ని తయారుచేసిన వారి సొంత సైట్ నుంచి మాత్రమే దింపుకోండి, వేరెక్కడి నుంచీ వద్దు. అది డీ3డీ11.డీఎల్‌ఎల్ అనే ఒక్క ఫైలు. ఆట ఫోల్డర్‌లో పెట్టాలి. ఆట కొత్త ప్యాచ్ వచ్చిన రోజు తెరవగానే మూసుకుపోతుంటే కంగారుపడకండి. ఆ ఫైలు తీసేసి ఆడండి, కొత్తది వచ్చాక మళ్లీ పెట్టుకోండి.

సెట్టింగుల్లో లాగ్ రాయడం ఆన్ చేస్తే ప్రతి బాస్ పోరాటానికీ ఒక ఫైలు తయారవుతుంది. దాన్ని ఎలైట్ ఇన్‌సైట్స్ అనే లాగ్ చదివే సాధనంతో తెరవండి. వరుసగా పేర్లు, బూన్ల పట్టికలు కనిపిస్తాయి. మొత్తం పోరాటాన్ని కాకుండా దశలవారీగా చూడండి. బాస్‌ను కొట్టడానికి వీలులేని విరామాల్లో జట్టు చెల్లాచెదురవుతుంది, బూన్లు సహజంగానే పడిపోతాయి. ఆ సమయాన్ని కలిపి లెక్కిస్తే మీకు అన్యాయం జరుగుతుంది.

అప్‌టైమ్ అన్న పట్టిక ఒక్కొక్కరికి ఆ బూన్ ఎంత శాతం సమయం ఉందో చెబుతుంది. అది ఎవరి నుంచి వచ్చిందో చెప్పదు. మీరు ఇచ్చినది ఎంతో తెలియాలంటే జనరేషన్ పట్టిక చూడాలి. అందులోనూ “సెల్ఫ్” అన్న వరుస చూసి సంతోషించకండి. మీకు మీరు ఎప్పుడూ దగ్గరే ఉంటారు కాబట్టి ఆ అంకె ఎప్పుడూ బాగుంటుంది. “గ్రూప్” అన్నదే మీ అసలు మార్కు. కొత్తవారు 80 దాటితే నేను బాగుందంటాను. 90 దాటితే ఏ జట్టయినా సంతోషంగా పిలుస్తుంది.

అంకె తక్కువగా ఉంటే ఎందుకని వెతకడం ఇలా. సబ్‌గ్రూప్‌లో అందరికీ సమానంగా తక్కువ ఉంటే తప్పు మీ వైపే ఉంది. మీ కాన్సంట్రేషన్ చాలదు, లేదా అవతార్‌లోకి ఆలస్యంగా వెళుతున్నారు. కాన్సంట్రేషన్ సంగతి హీరో ప్యానెల్‌లో బూన్ వ్యవధి చూస్తే తేలిపోతుంది. అది సరిగ్గా ఉంటే లాగ్‌లో మీ స్కిళ్ల వరుస తెరిచి, రెండు అవతార్‌ల మధ్య ఎంత విరామం ఉందో లెక్కపెట్టండి.

నలుగురికి 95, ఒకరికి 55 ఉంటే ఆ ఒక్కరు దూరంగా నిలబడ్డారు. లాగ్‌లో పోరాటాన్ని పైనుంచి చూపించే రీప్లే ఉంటుంది. అందులో చూస్తే తెలిసిపోతుంది. ఆ మనిషిని నిందించడానికి దీన్ని వాడకండి. “బాస్ కుడికాలి దగ్గర ఉంటే నా బూన్లు మీకు అందుతాయండీ” అని చెబితే సరిపోతుంది, చాలామంది వెంటనే మారతారు. మీ సబ్‌గ్రూప్‌కు తక్కువగా ఉండి, అవతలి సబ్‌గ్రూప్‌లో కొందరికి మీ నుంచి ఎక్కువ వెళ్లి ఉంటే రెండు సబ్‌గ్రూపులు వేర్వేరు చోట్ల నిలబడ్డాయి, మీరు తప్పు గుంపుతో ఉన్నారు. అప్‌టైమ్ 95 ఉండి మీ గ్రూప్ జనరేషన్ 50 ఉంటే ఇంకెవరో కూడా అలాక్రిటీ ఇస్తున్నారు. అప్పుడు మీలో ఒకరు క్విక్‌నెస్ బిల్డ్‌కో, దెబ్బలు కొట్టే బిల్డ్‌కో మారితే జట్టుకు లాభం.

హీలింగ్ అంకెలు చూడాలనే ఆత్రుత ఉంటుంది. దానికి ఆర్క్‌డీపీఎస్‌కు వేరే అనుబంధం కావాలి. మొదటి రెండు నెలలు దాని జోలికి వెళ్లవద్దని నా సలహా. హీలింగ్ ఎక్కువ కనిపించిందంటే జట్టు ఎక్కువ దెబ్బలు తిన్నదని కూడా అర్థం కావచ్చు. ప్రొటెక్షన్, ఏజిస్, స్టెబిలిటీ సరైన సమయంలో అందిన పోరాటంలో హీలింగ్ అంకె చిన్నదిగానే ఉంటుంది. దాన్ని వెంబడిస్తే మళ్లీ అవతార్ దాచుకునే అలవాటుకే చేరుకుంటారు.

ప్యాచ్ తరువాత మాత్రం ఇవన్నీ మళ్లీ ఒకసారి చూసుకోవాలి. గ్రేస్ ఆఫ్ ద ల్యాండ్ వివరణ తెరిచి అంకెలు మారాయేమో చదవండి, బూన్ వ్యవధి అంతే ఉందేమో చూడండి, పరికరంలో ఉచిత బూన్లు తీసేసి గోలెం దగ్గర అయిదు నిమిషాలు గడపండి. అలాక్రిటీ గుర్తు తెగకుండా నిలిచిందంటే ఆ వారం జట్టుకు “హీల్ అలాక్రిటీ” అని ధైర్యంగా చెప్పి చేరవచ్చు.